ఒకే డేటా, అనేక ప్రతులు, కొన్ని ఓట్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఒకే డేటాను పలు సర్వర్లలో ఉంచినప్పుడు ఆ ప్రతులను ఓటింగు పద్ధతుల ద్వారా ఎలా నిర్వహిస్తారన్న విషయంపై వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలిస్తున్నాం. ఒకే తరహా ప్రశ్నలు పంపినవారు తమ లేఖను వేరుగా ప్రస్తావించలేదని అనుకోవద్దని మనవి. మొత్తం ప్రతుల సంఖ్యను ‘ఎన్’ అని, చదవడానికి కావలసిన ఓట్లను ‘ఆర్’ అని, రాయడానికి కావలసిన ఓట్లను ‘డబ్ల్యూ’ అని అంతటా వాడాం.

ప్రశ్న: డేటాబేస్‌కు మూడు ప్రతులు ఉన్నప్పుడు, రాసిన ప్రతిసారీ మూడింటిలోనూ రాసి, చదివేటప్పుడు ఏదో ఒకదాని నుంచి చదువుకుంటే సరిపోతుంది కదా? ఇంత సులువైన మార్గం ఉండగా ఓట్లు, కోరం (పని జరగడానికి కావలసిన కనీస ఓట్లు) వంటివి ఎందుకు?
— డిగ్రీ విద్యార్థి, నల్గొండ

సమాధానం: మీరు చెప్పిన మార్గం సరైనదే, సర్వర్లేవీ ఎప్పుడూ ఆగిపోవనుకుంటే దానికి మించినది లేదు కూడా. చిక్కంతా సర్వర్లు ఆగిపోవడంతోనే వస్తుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక్కో సర్వర్ నూటికి 90 పాళ్ల సమయం పనిచేస్తుందని, ఒకటి ఆగిపోవడానికీ మరొకటి ఆగిపోవడానికీ సంబంధం లేదని అనుకుందాం. మూడూ ఏకకాలంలో పనిచేస్తూ ఉండే అవకాశం 72.9 శాతం మాత్రమే కాబట్టి, రాయగలిగే సమయం కూడా అంతే. ఒకే ఒక్క ప్రతి ఉన్నప్పుడు 90 శాతం సమయం రాయగలిగేవాళ్లం. భద్రత కోసమని మరో రెండు ప్రతులు చేర్చి, ఉన్న సౌకర్యాన్నే తగ్గించుకున్నట్లయింది. చదవడం మాత్రం 99.9 శాతానికి పెరుగుతుంది.

అలాగైతే ఆ సమయానికి పనిచేస్తున్న ప్రతులలో మాత్రమే రాద్దామని మీకు తోచవచ్చు. సర్వర్ ఆగిపోయిందా, లేక దానికీ మనకూ మధ్య నెట్‌వర్క్ తెగిపోయిందా అన్నది ఇవతలి వైపు నుంచి చూసేవారికి తెలియదు. నెట్‌వర్క్ రెండుగా చీలిపోతే ఇటువైపు వారు అటువైపు సర్వర్లు పోయాయనుకుంటారు, అటువైపు వారు ఇటువైపు గురించి అదే అనుకుంటారు. పది వేల రూపాయలున్న ఖాతా నుంచి రెండు వైపులా ఎనిమిది వేల చొప్పున తీయడానికి రెండు సర్వర్లూ అనుమతిస్తాయి. ఓటింగు పద్ధతి పుట్టింది ఈ ప్రమాదాన్ని అడ్డుకోవడానికే. 1979లో రాబర్ట్ థామస్ ఆధిక్య సమ్మతి (సగానికి మించిన ప్రతుల అంగీకారం) ఆధారంగా ప్రతులను నిర్వహించే విధానాన్ని ప్రచురించారు. అదే ఏడాది డిసెంబరులో కాలిఫోర్నియాలో జరిగిన ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సులో డేవిడ్ గిఫర్డ్ దానిని మరింత సరళంగా, ప్రతికీ వేర్వేరు ఓట్లు ఉండే రూపంలో ప్రతిపాదించారు.

దీని వెనకనున్న తర్కం చాలా చిన్నది. ఐదుగురున్న ఇంట్లో ముగ్గురు పెళ్లికీ ముగ్గురు గుడికీ వెళ్లివచ్చారంటే, రెండు చోట్లకూ వెళ్లినవారు కనీసం ఒకరుండి తీరాలి. అదే విధంగా, రాసేటప్పుడు ఓటు వేసిన ప్రతుల గుంపూ, చదివేటప్పుడు ఓటు వేసిన ప్రతుల గుంపూ కనీసం ఒక్క ప్రతి దగ్గరైనా కలిసేలా చూసుకుంటే, ఆ ఉమ్మడి ప్రతి చివరిసారి రాసిన విలువను తప్పకుండా చూసి ఉంటుంది. మొత్తం ఓట్లకన్నా ఆర్, డబ్ల్యూల మొత్తం ఎక్కువగా ఉండాలన్న మొదటి నియమం దీని కోసమే. డబ్ల్యూ ఒక్కటే సగానికి మించి ఉండాలన్న రెండో నియమం వల్ల రెండు రాతల గుంపులు కూడా కలిసి తీరతాయి. చీలిపోయిన నెట్‌వర్క్‌లో రెండు వైపులా రాయడం అసాధ్యమవుతుంది.

ప్రతి ప్రతితో పాటు ఒక వెర్షన్ నంబరు ఉంటుంది. రాసేవారు ముందుగా తమ గుంపులో ఉన్న అతి పెద్ద నంబరును కనుక్కొని, దానికి ఒకటి కలిపి కొత్త విలువతో పాటు రాస్తారు. చదివేవారు తమ గుంపులో అతి పెద్ద నంబరున్న విలువను తీసుకుంటారు. వెనకబడిన ప్రతులు వెనకబడే ఉండవచ్చు, వాటిని వెంటనే సరిచేయాల్సిన అవసరం లేదు. ఎందుకంటే చదివే గుంపు పూర్తిగా పాత ప్రతులతోనే నిండే అవకాశం లేదు. మూడు ప్రతులలో రెండేసి ఓట్లు చాలనుకుంటే, పై లెక్క ప్రకారం చదవడం, రాయడం రెండూ 97.2 శాతం సమయం సాధ్యపడతాయి. చదవడంలో కొంత వదులుకొని, రాయడంలో చాలా సంపాదించుకున్నామన్నమాట.

ప్రశ్న: ఒక సర్వర్‌కు ఎక్కువ ఓట్లు ఇవ్వడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా? మూడు ప్రతులకన్నా నాలుగు ప్రతులు మేలు కాదా?
— ఎం.టెక్. విద్యార్థిని, కాకినాడ

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. నాలుగు ప్రతులకు తలా ఒక ఓటు ఇస్తే ఆధిక్యానికి మూడు ఓట్లు కావాలి. పైన చెప్పుకున్న 90 శాతం లెక్కతో ఇది 94.77 శాతం సమయమే దొరుకుతుంది, అంటే మూడు ప్రతులున్నప్పటి కన్నా తక్కువ. నాలుగో సర్వర్ కొన్నందుకు ఫలితం ఇదా అని ఆశ్చర్యపోయే ముందు, వాటిలో ఒకదానికి రెండు ఓట్లిచ్చి చూడండి: మొత్తం ఐదు ఓట్లు, కావలసినవి మూడు. రెండు ఓట్ల సర్వర్ పనిచేస్తుంటే మిగతా మూడింటిలో ఏ ఒక్కటి తోడైనా చాలు. అది ఆగిపోతే మిగతా మూడూ కలవాలి. లెక్క కడితే సరిగ్గా 97.2 శాతం వస్తుంది. నాలుగో ప్రతి వల్ల డిస్కులు పాడైనప్పుడు డేటా మిగిలే అవకాశం పెరుగుతుంది తప్ప, అందుబాటు విషయంలో మూడు ప్రతుల స్థాయిని దాటించలేదు. సరి సంఖ్యలో సర్వర్లు పెట్టవద్దని అనుభవజ్ఞులు చెప్పే మాటకు ఆధారం ఇదే.

ఇక ఓట్ల హెచ్చుతగ్గుల అసలు ఉపయోగం సర్వర్లు ఒకే రకంగా లేనప్పుడు కనిపిస్తుంది. గిఫర్డ్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకదానిలో మూడు ప్రతులకు 2, 1, 1 చొప్పున ఓట్లుంటాయి. చదవడానికి రెండు, రాయడానికి మూడు కావాలి. మొదటిది వాడుకరులకు దగ్గరగా ఉన్న సర్వర్ అయితే, చదివే పని దాని ఒక్కదానితోనే ముగుస్తుంది. అది ఆగిపోతే మిగిలిన రెండూ కలిసి చదవనిస్తాయి గానీ రాయనివ్వలేవు, ఎందుకంటే వాటి ఓట్లు రెండే. ఓట్లు పంచేవారు ఏ సర్వర్ పోతే ఏ పని ఆగిపోతుందో ఈ విధంగా ముందే కాగితం మీద రాసుకోవాలి. గిఫర్డ్ సున్నా ఓట్లున్న ప్రతులను కూడా అనుమతించారు. వాటి మాటకు విలువ లేదు గానీ, ఓటున్న సర్వర్లు చెప్పిన వెర్షన్ నంబరు తమ దగ్గరున్నదానితో సరిపోలితే విలువను అవి అక్కడికక్కడే ఇవ్వగలవు. ఈనాడు క్యాష్ (cache) అంటున్నది అదే.

ఓట్ల పంపకంతో అన్ని రకాల గుంపులనూ సాధించలేమని 1985లో హెక్టర్ గార్సియా-మొలీనా, డేనియల్ బార్బరా నిరూపించారు. ఆరు లేదా అంతకు మించిన సర్వర్లున్నప్పుడు, ఏ రెండు తీసుకున్నా తప్పక కలిసే గుంపుల అమరికలలో కొన్నింటిని ఏ ఓట్ల కేటాయింపుతోనూ పొందలేం. తొమ్మిది సర్వర్లను మూడేసి చొప్పున గడులుగా పేర్చి, ప్రతి నిలువు వరుస నుంచి ఒక్కొక్కటి చొప్పున చదవడానికి, వాటికి తోడు ఒక నిలువు వరుస మొత్తాన్ని రాయడానికి వాడే పద్ధతి అలా ఓట్ల చట్రం బయట వచ్చినదే. అందులో చదవడానికి మూడు, రాయడానికి ఐదు సర్వర్లు చాలు. ఇరవై ఐదు సర్వర్లున్నప్పుడైతే ఆధిక్యానికి పదమూడు కావలసి ఉండగా, ఇక్కడ ఐదూ తొమ్మిదీ సరిపోతాయి. అయితే అడ్డు వరుసలోని మూడు సర్వర్లు ఒకేసారి పోతే పూర్తి నిలువు వరుస ఏదీ మిగలదు కనుక రాయడం ఆగిపోతుంది. సాధారణ ఆధిక్య పద్ధతి తొమ్మిదింటిలో ఏ నాలుగు పోయినా తట్టుకుంటుంది.

ప్రశ్న: మేం మూడు ప్రతులుండే డైనమో తరహా డేటాబేస్‌ను వాడుతున్నాం. ఆర్ = 2, డబ్ల్యూ = 2 పెట్టుకున్నాం కనుక ఆర్ + డబ్ల్యూ > ఎన్ నియమం తీరింది. అయినా ఒకసారి, రాత విఫలమైందని మా ప్రోగ్రామ్‌కు సమాచారం వచ్చిన విలువ ఆ తర్వాత చదివినప్పుడు కనిపించింది. మరోసారి కొత్త విలువ చూసిన తర్వాత మళ్లీ పాత విలువ వచ్చింది. నియమం తప్పా, డేటాబేస్ తప్పా?
— సాఫ్ట్‌వేర్ డెవలపర్, హైదరాబాద్

సమాధానం: ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నింటిలో ఇది ముఖ్యమైనది, అందుకే కొంత విపులంగా చెబుతాం. నియమమూ తప్పు కాదు, డేటాబేస్ కూడా తాను ఇచ్చిన మాట తప్పలేదు. ఆర్ + డబ్ల్యూ > ఎన్ అన్న అసమానతను తరగతి గదుల్లో మంత్రంలా అప్పజెప్పిస్తున్నారు గానీ, దాని కింద ఏ నేల ఉందో చెప్పడం మానేశారు. ఆ అసమానత చెప్పేది రెండు గుంపులు కలుస్తాయని మాత్రమే. రాత పూర్తయిందా, సగంలో ఆగిందా, రెండు రాతలు ఒకేసారి వస్తే ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్నలకు దానిలో జవాబు లేదు.

గిఫర్డ్ 1979లో తన పద్ధతిని ట్రాన్సాక్షన్లు, లాకులు ఉన్న ఫైలు వ్యవస్థ మీద నిర్మించారు. రాత గుంపులోని ప్రతులన్నింటిలోనూ కొత్త విలువ నమోదైతేనే ట్రాన్సాక్షన్ ఖరారవుతుంది. మధ్యలో ఏది తప్పినా అన్నీ పూర్వస్థితికి పోతాయి. అమెజాన్ ఇంజనీర్లు 2007లో వెల్లడించిన డైనమో వ్యవస్థ ఓట్ల అంకగణితాన్ని ఉంచుకొని, ఈ ట్రాన్సాక్షన్ పునాదిని కావాలనే వదిలేసింది. కొనుగోలుదారు బుట్టలో వస్తువు వేస్తే ఏ పరిస్థితిలోనూ కాదనకూడదన్నది వారి అవసరం, ఆ అవసరానికి అది తగిన నిర్ణయమే. అదే వ్యవస్థను ఖాతా నిల్వలకు వాడి, గిఫర్డ్ నాటి హామీని ఆశించడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

మీ మొదటి సంఘటన ఇలా జరిగి ఉంటుంది. ఎ, బి, సి అనే మూడు ప్రతులకు రాత పంపగా అది ఎ దగ్గరికి మాత్రమే చేరింది. రెండో అంగీకారం గడువులోగా రాలేదు కనుక విఫలమైందని మీకు చెప్పారు. నిజానికి ఆ మాటకు అర్థం ‘రెండు ఓట్లు వచ్చాయని నేను హామీ ఇవ్వలేను’ అని మాత్రమే. ఎ లో చేరిన విలువను ఎవరూ తుడిచివేయరు. తర్వాత ఎ, బి లను కలిపి చదివినవారికి ఎ లోని కొత్త విలువ కనిపిస్తుంది. మీ రెండో సంఘటన కూడా దీని కొనసాగింపే: ఎ, బి లను చదివిన మొదటి వ్యక్తి కొత్త విలువ చూశాడు, ఆ వెంటనే బి, సి లను చదివిన రెండో వ్యక్తికి ఆ రెండింటిలోనూ పాతదే దొరికింది. ప్రతి చదువుకూ రెండు ఓట్లు వచ్చాయి, నియమం ఎక్కడా తప్పలేదు, అయినా కాలం వెనక్కి నడిచింది.

దీనికి పరిష్కారాన్ని హగిత్ అత్తియ, అమోత్స్ బార్-నోయ్, డానీ డోలెవ్ 1995లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. చదివేవారు అతి పెద్ద వెర్షన్ ఉన్న విలువను కనుగొన్న తర్వాత, దానిని అడిగినవారికి ఇచ్చే ముందే ఆధిక్య సంఖ్యలో ప్రతులలో తిరిగి రాయాలి. అప్పుడు మొదటి వ్యక్తికి కొత్త విలువ కనిపించే నాటికే అది రెండు ప్రతుల్లో ఉంటుంది, రెండో వ్యక్తి ఏ రెండింటిని చదివినా దానిని తప్పించుకోలేడు. చదవడానికి కూడా రాయాలా అని విసుక్కునేవారుంటారు. ప్రతులన్నీ ఒకే వెర్షన్‌తో ఉన్నప్పుడు ఆ రెండో అడుగు అవసరం ఉండదు. మీ డేటాబేస్‌లో చదువు సమయంలో సవరణ అనే సదుపాయం ఉంటే, అది జవాబు ఇచ్చే ముందు జరుగుతోందా, జవాబు ఇచ్చాక నేపథ్యంలో జరుగుతోందా అన్నది చూసుకోండి. ముందు జరిగితేనే పై రక్షణ దొరుకుతుంది.

మరో రెండు విషయాలు కూడా పరిశీలించాలి. డైనమో తరహా వ్యవస్థల్లో కొన్ని, కేటాయించిన ప్రతులు అందకపోతే విలువను తాత్కాలికంగా డి అనే వేరే సర్వర్‌లో దాచి, దానినే ఒక ఓటుగా లెక్కిస్తాయి. అలా వచ్చిన రెండు ఓట్లలో ఒకటి డి దైతే, ఎ, బి, సి లలో చదివే గుంపుతో రాసిన గుంపు కలవకపోవచ్చు. అసమానత పైకి మాత్రమే తీరినట్లుంటుంది. రెండోది, రాతల వరసను సర్వర్ల గడియారాలతో నిర్ణయించే డేటాబేస్‌లో గడియారం ముందుకు పరిగెడుతున్న యంత్రం రాసిన పాత విలువ, సరైన గడియారమున్న యంత్రం తర్వాత రాసిన కొత్త విలువను తొక్కేస్తుంది.

మీరు చేయవలసింది ఇది: రాత విఫలమైందన్న సమాచారాన్ని ‘జరిగి ఉండవచ్చు, జరగకపోయి ఉండవచ్చు’ అని చదువుకొని, అదే విలువను మళ్లీ పంపినా నష్టం లేని విధంగా ప్రోగ్రామ్ రాయండి. పాత విలువను చూసి దానిపై ఆధారపడి కొత్తది రాసే చోట, ఉదాహరణకు నిల్వ నుంచి తీసివేసే చోట, మామూలు కోరం రాతను వాడవద్దు. కాసాండ్రా వంటి డేటాబేస్‌లలో అటువంటి పనుల కోసం, సర్వర్లన్నీ ఒకే నిర్ణయానికి వచ్చేలా చేసే పాక్సోస్ అనే పద్ధతి మీద నడిచే ప్రత్యేక ట్రాన్సాక్షన్లు ఉన్నాయి. అవి నెమ్మదిగా నడుస్తాయి, కానీ ఆ చోట మరో దారి లేదు.

ప్రశ్న: పాక్సోస్, రాఫ్ట్ కూడా ఓటింగే కదా? గిఫర్డ్ పద్ధతితో వాటికి తేడా ఏమిటి?
— ఉపాధ్యాయుడు, తిరుపతి

సమాధానం: గిఫర్డ్ పద్ధతిలో ఓటు ఒక డేటా వస్తువు విలువ గురించి. రాఫ్ట్‌లో ఓటు రెండు సందర్భాల్లో అడుగుతారు: ఈ విడతకు నాయకుడు (మిగతావాటికి ఆదేశాలు పంపే సర్వర్) ఎవరన్నది ఒకటి, లాగ్‌లో, అంటే ఆదేశాలను వరుసగా నమోదు చేసే చిట్టాలో, ఫలానా స్థానంలో ఫలానా ఆదేశం ఉండాలన్నది మరొకటి. అన్ని ప్రతులూ ఒకే వరుసలో ఒకే ఆదేశాలను అమలు చేస్తాయి గనుక, పై ప్రశ్నలో చూసిన వరుస తగాదాలు పుట్టవు. అయితే నాయకుడు తన దగ్గరున్న విలువను నేరుగా చదివి ఇవ్వకూడదు. తనకు తెలియకుండానే పదవి పోయి ఉండవచ్చు కాబట్టి, ఆధిక్య ప్రతులను మరోసారి అడగాలి, లేదా గడువున్న అనుమతి చేతిలో ఉండాలి. హైడీ హవార్డ్, డాలియా మల్ఖీ, అలెగ్జాండర్ స్పీగెల్‌మాన్ 2016లో చూపినది ఆసక్తికరమైనది: పాక్సోస్‌లో రెండు దశలకూ ఆధిక్యం అక్కరలేదు, నాయకుణ్ణి ఎన్నుకునే గుంపూ ఆదేశాన్ని ఆమోదించే గుంపూ కలిస్తే చాలు. ఇది ఆర్ + డబ్ల్యూ > ఎన్ నియమానికి చాలా దగ్గరి బంధువు.

ప్రశ్న: మా సంస్థకు హైదరాబాద్‌లో ఒక డేటా కేంద్రం, విశాఖపట్నంలో మరొకటి ఉన్నాయి. ఏ ఒక్కటి పోయినా మనిషి జోక్యం లేకుండా రెండోది కొనసాగాలి. ఓట్లు ఎలా పంచాలి?
— సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విశాఖపట్నం

సమాధానం: రెండే చోట్లు ఉన్నంతవరకు ఏ పంపకంతోనూ అది సాధ్యం కాదు. ఓట్లు సమానంగా ఇస్తే ఏది పోయినా రెండోదానికి ఆధిక్యం ఉండదు. హైదరాబాద్‌కు ఎక్కువ ఇస్తే విశాఖ పోయినప్పుడు పని నడుస్తుంది గానీ హైదరాబాద్ పోయినప్పుడు ఆగిపోతుంది. మూడో ఓటు మూడో ఊళ్లో ఉండాలి. అక్కడ పూర్తి డేటా ఉంచే ఖర్చు భరించలేమనుకుంటే, 1986లో జహాన్-ఫ్రాన్సువా పారిస్ ప్రతిపాదించిన సాక్షి పద్ధతి మీకు పనికొస్తుంది. సాక్షి దగ్గర డేటా ఉండదు, వెర్షన్ నంబరు, ఒక ఓటు మాత్రమే ఉంటాయి.

సాక్షి పని సమాన ఓట్లను విడదీయడం ఒక్కటే కాదు. విశాఖ ఆగిపోయి ఉండగా హైదరాబాద్ ఎనిమిదో వెర్షన్ రాసిందనుకోండి. సాక్షి ఎనిమిది అని నమోదు చేసుకుంటుంది. ఆ తర్వాత హైదరాబాద్ ఆగిపోయి, ఏడో వెర్షన్‌తో ఉన్న విశాఖ లేచి వచ్చిందంటే, విశాఖకూ సాక్షికీ కలిపి రెండు ఓట్లున్నా పని మొదలుపెట్టకూడదు. తాజా వెర్షన్ ఎనిమిదని సాక్షి చెబుతుంది, ఆ డేటా అక్కడ లేదు. మాంగోడీబీ అనే డేటాబేస్‌లోని ఆర్బిటర్‌ను చాలామంది దీనితో కలగలుపుతారు. ఆర్బిటర్ నాయకుడి ఎన్నికలో ఓటు వేస్తుంది గానీ రాతలను ధ్రువీకరించదు. అందుకే డేటా ఉన్న రెండు సర్వర్లు, ఒక ఆర్బిటర్ ఉన్న చోట ఒక డేటా సర్వర్ పోతే, ఆధిక్య ధ్రువీకరణ కోరిన రాతలు ఖరారు కాకుండా నిలిచిపోతాయి. గూగుల్ వారి స్పానర్ డేటాబేస్‌లోని సాక్షి ప్రతులు మాత్రం పూర్తి డేటా ఉంచుకోకుండానే రాతలపై ఓటు వేస్తాయి.

సాక్షిని హైదరాబాద్ భవనంలోనే మరో యంత్రంలో పెట్టకండి. ఆ భవనానికి రెండు ఓట్లు ఇచ్చినట్లే అవుతుంది. చెన్నైలోనో బెంగళూరులోనో, మీ రెండు కేంద్రాలకూ వేర్వేరు మార్గాల్లో కలిసేలా ఉంచండి. యంత్రం చిన్నదైనా ఫర్వాలేదు గానీ డిస్కు నమ్మదగినదై ఉండాలి: నంబరు మరచిపోయిన సాక్షికి ఓటు హక్కు ఉండకూడదు.

ప్రశ్న: సర్వర్లు ఒక్కొక్కటిగా పోతున్నప్పుడు కావలసిన ఆధిక్యాన్ని కూడా తగ్గించుకుంటూ పోయే చలన ఓటింగు పద్ధతి మెరుగైనదని చదివాను. మరి అందరూ దానినే ఎందుకు వాడటం లేదు?
— పరిశోధక విద్యార్థి, వరంగల్

సమాధానం: సుశీల్ జజోడియా, డేవిడ్ మచ్లర్ 1980ల చివర్లో అభివృద్ధి చేసిన పద్ధతి గురించి మీరు చదివి ఉంటారు. అందులో ప్రతి ప్రతి, వెర్షన్ నంబరుతో పాటు చివరి రాతలో ఎన్ని ప్రతులు పాల్గొన్నాయో కూడా రాసుకుంటుంది. తర్వాతి రాతకు మొత్తం ప్రతుల్లో కాక, ఆ చివరి రాతలో పాల్గొన్నవాటిలో ఆధిక్యం ఉంటే చాలు. ఎ, బి, సి, డి, ఇ అనే ఐదింటిలో నెట్‌వర్క్ చీలి ఎ, బి, సి ఒకవైపు మిగిలాయనుకోండి. అవి రాసుకుంటే సంఖ్య మూడవుతుంది. తర్వాత సి కూడా విడిపోతే, ఎ, బి లు మూడింటిలో రెండు కనుక కొనసాగుతాయి. మామూలు ఓటింగులో ఐదింటిలో రెండుతో పని ఆగిపోయేది. ఇంకొక మెరుగుదల ప్రకారం ప్రతులకు ముందే ఒక వరస నిర్ణయించి, సరిసమానంగా చీలినప్పుడు వరసలో ముందున్న ప్రతి ఎటువైపు ఉంటే అటువైపు వారిని కొనసాగనిస్తారు. దాని ప్రకారం ఎ, బి లు కూడా విడిపోతే ఎ ఒంటరిగానే రాయగలదు.

ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. ఒంటరిగా రాసిన ఎ డిస్కు పాడైందంటే, ఆ తర్వాత బి, సి, డి, ఇ నాలుగూ లేచి, నెట్‌వర్క్ బాగుపడి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నా ఏమీ చేయలేవు. ఐదింటిలో నాలుగు చేతిలో ఉండి కూడా ఎ కోసం ఎదురుచూడాలి, ఎందుకంటే చివరి రాత ఎక్కడ జరిగిందో వాటికి తెలియదు. సగటు అందుబాటు పెరుగుతుందన్న లెక్క నిజమే. కానీ చివరి డేటా ఒకే డిస్కు మీదికి కుంచించుకుపోవడాన్ని ఆ సగటు చూపదు. అందుకే ఇప్పటి వ్యవస్థలు సభ్యుల సంఖ్యను ప్రతి రాతతోనూ మార్చవు. రాఫ్ట్‌లో సభ్యత్వ మార్పు కూడా లాగ్‌లో ఒక ఆదేశంగానే వెళ్తుంది. దాని ఉమ్మడి సమ్మతి పద్ధతిలో పాత సభ్యుల ఆధిక్యం, కొత్త సభ్యుల ఆధిక్యం రెండూ అంగీకరించాకే కొత్త జాబితా అమల్లోకి వస్తుంది. కనీస సంఖ్య మూడుకన్నా తగ్గకుండా నిర్వాహకులు చూసుకుంటారు. మీ పరిశోధనలో చలన ఓటింగును మామూలు ఓటింగుతో పోల్చదలిస్తే, అందుబాటు శాతంతో పాటు తాజా వెర్షన్ ఎన్ని ప్రతుల్లో మిగిలి ఉందో కూడా ప్రతి దశలోనూ లెక్కించండి. ప్రతి సర్వర్ మరమ్మతుకు పట్టే కాలాన్ని రెండు మూడు విలువలతో మార్చి చూస్తే, ఏ పరిస్థితిలో ఏ పద్ధతి నిలుస్తుందో మీకు తేలుతుంది.